మంచం కింద పొడి రాలుతోందా? మందు కొనే ముందు ఆ పొడిని చూడండి

పొద్దున ఊడ్చిన చోటే సాయంత్రానికి మళ్లీ సన్నటి పొడి. వంగి చూస్తే మంచం పట్టెకి గుండుసూది దూరేంత చిల్లులు నాలుగైదు. ఇంట్లో ఎవరో ఒకరు "చెద పట్టింది" అంటారు, చెద మందు వస్తుంది, పాలిష్ మీదే కొట్టేస్తారు. కొన్నాళ్లకు మళ్లీ పొడి. అది చెద కాకపోవచ్చు. ఇలాంటి చిల్లులు, పొడి చాలాసార్లు చెక్కను తొలిచే పెంకు పురుగుల పని. వడ్రంగులు బోరర్ అనేది వీటినే.

మీకు కనబడే చిల్లు పురుగు బయటికి వచ్చేసిన దారి. ఆడపురుగు చెక్కలోని సన్నటి రంధ్రాల్లో గుడ్లు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటి కూడా, లోపలే తింటూ సొరంగాలు చేస్తుంది. రెక్కలొచ్చాకే పైకి చిల్లు పెట్టుకుని ఎగిరిపోతుంది. అంటే చిల్లు కనబడేసరికి ఆ పురుగు తినాల్సింది తినేసింది. మన బాధంతా ఇంకా లోపలున్న దాని తోబుట్టువులతో. పైన కొట్టిన మందు వాటిదాకా పోదు.

ముందు పురుగు ఏదో తేల్చుకోండి

పొడిని కొంచెం తీసి వేళ్ల మధ్య నలపండి. గరుకు తగలకుండా మెత్తగా ఉండి, చిల్లులు 1 నుంచి 2 మిల్లీమీటర్లు ఉంటే లిక్టస్ జాతి పురుగు కావచ్చు. ఫర్నిచర్‌లో తరచుగా కనబడే రకం ఇదే. చిల్లు 3 మిల్లీమీటర్లు దాటి, పొడి కాస్త ముతకగా ఉంటే దాని దాయాది బోస్ట్రికిడ్ రకం. చికిత్స రెండింటికీ ఒకటే.

పొడి కాకుండా గసగసాల్లా గట్టి గింజలు కుప్ప పడితే అది పొడిచెక్కలో ఉండే చెద. గోడ మీద మట్టి గొట్టాలుంటే నేల నుంచి వచ్చే చెద. ఈ రెండింటికీ వైద్యం వేరు, నేల చెదకైతే ఇంటి పునాది దగ్గర మందు పెట్టించాలి.

చిల్లు గుండ్రంగా కాక కోలగా, పెద్దగా ఉండి, రాత్రి ఇల్లు సద్దుమణిగాక చెక్కలోంచి గీకుతున్న చప్పుడు వినబడితే అది పొడవాటి మీసాల పెంకు పురుగు పిల్ల. ఇది ఎండిన చెక్కలో ఏళ్ల తరబడి బతకగలదు. అందుకే కొన్న నాలుగైదేళ్లకు కూడా కొత్తగా చిల్లు పడొచ్చు. వరండా దూలానికి వేలు పట్టేంత గుండ్రటి బెజ్జం, కింద ముతక రంపపు పొట్టు ఉంటే తుమ్మెద గూడు పెట్టింది. దానికి మందు దేనికి, తుమ్మెద లేనప్పుడు బెజ్జం పూడ్చి రంగు వేస్తే సరిపోతుంది.

కొత్త దర్వాజాలో నల్లటి అంచున్న సన్న చిల్లులుండి పొడి అసలు రాలకపోతే టెన్షన్ వద్దు. పచ్చి దుంగగా ఉన్నప్పుడు పట్టిన పురుగు గుర్తులవి, చెక్క ఆరాక అది బతకదు.

కిటికీ దగ్గర చిన్న గోధుమరంగు పురుగులు కనబడితే వాటినీ గమనించండి. ముందు ముక్కులా పొడుచుకొచ్చి ఉంటే అది బియ్యం డబ్బాలోంచి వచ్చిన ముక్కు పురుగు, మీ మంచానికి దాంతో సంబంధం లేదు.

లోపల ఇంకా ఉందా, పాత గుర్తా?

పాత చిల్లులున్న సామాను తట్టినప్పుడు కూడా పొడి రాలుతుంది. కాబట్టి రాలినంత మాత్రాన పురుగు ఉన్నట్టు కాదు. శుభ్రంగా తుడిచి, ఉన్న చిల్లుల చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టండి, కింద నల్ల చార్ట్ పేపర్ పరచండి. ఆ తర్వాత సామాను కదపకండి. కొన్ని వారాల్లో పేపర్ మీద లేత రంగు పొడి పడినా, సున్నా లేని చిల్లు కనబడినా లోపల సంసారం నడుస్తోందని అర్థం. ఏమీ లేకపోయినా ఒక వేసవి దాటేదాకా చూడండి, వెచ్చటి నెలల్లోనే ఇవి ఎక్కువగా బయటికొస్తాయి. ఈ పని విసుగే, కానీ చచ్చిన పురుగు కోసం మందు కొనకుండా కాపాడేది ఇదొక్కటే.

మా సామానుకే ఎందుకు పట్టింది?

లిక్టస్‌కు కావలసింది చెక్కలోని పిండి పదార్థం. అది మాను నడిమి చేవలో ఉండదు, చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కలో ఉంటుంది. ఆడపురుగు గుడ్డు పెట్టే ముందు చెక్కను కొరికి పిండి ఉందో లేదో చూసుకుంటుంది కూడా!

"టేకుకి పురుగు పట్టదు" అన్నది చేవ వరకే నిజం. లేత చెట్టు నుంచి కోసిన టేకులో తెల్లచెక్క ఎక్కువ. మంచం వెనకవైపు పట్టెకో అలమర లోపలి బద్దకో అది తెలివిగా సర్దేసి ఉంటుంది. మామిడి చెక్కకు వేరుగా చేవ అంటూ కనబడదు, కాబట్టి మందు పట్టించకపోతే మొత్తం మేతే. రబ్బరు చెక్కా అంతే, అందుకే దాన్ని కోసిన వెంటనే బోరాన్ మందు లోపలికంటా పట్టించాలి.

మన పాత వడ్రంగులు తుమ్మ దుంగల్ని నెలల తరబడి చెరువులో నానేసేవాళ్లు. వెదురు కూడా అంతే. నీళ్లలో నానితే పిండి, చక్కెరలు చాలావరకు తగ్గిపోతాయి. ఇప్పుడు ఆ ఓపిక ఎవరికీ లేదు, కోసిన వారానికే కొట్టులో ఉంటుంది. పురుగుల ఫిర్యాదులు పెరగవా మరి?

పాలిష్ ఉన్న మంచం, కుర్చీ, అలమర

విప్పగలిగితే విప్పండి. పాలిష్ లేని వైపు వెతకండి, దాదాపు ప్రతి సామానుకీ అడుగున, వెనక అలాంటిది ఒకటి ఉంటుంది. పురుగు గుడ్లు పెట్టింది అక్కడే. గరుకు కాగితంతో రుద్ది, పొడి దులిపి, చెక్కలోకి ఇంకే నూనె రకం వుడ్ ప్రిజర్వేటివ్‌ను బ్రష్‌తో రెండు మూడు పూతలు వేయండి. ఆ తర్వాత అదే మందు సిరంజిలో తీసుకుని చిల్లుల్లోకి ఎక్కించండి. పాత చిల్లులే అయినా అవి లోపలి సొరంగాల్లోకి తెరుచుకుంటాయి, కాబట్టి కొంత మందు చేరుతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, ఒక చిల్లులో కొడితే పక్క చిల్లులోంచి మొహం మీదికి చిమ్ముతుంది. పొయ్యికి దూరంగా, కిటికీలు తీసి చేయండి. వాసన పూర్తిగా పోయేదాకా పరుపు వేయకండి.

ఆరాక చిల్లులు పుట్టీతోనో మైనంతోనో మూసేయండి. అందం కోసమే కాదు, రేపు కొత్త చిల్లు పడితే వెంటనే తెలుస్తుంది. చివరగా అడుగుతో సహా అన్ని వైపులా పాలిష్ వేయండి. రంధ్రాలు మూసుకుపోతే గుడ్లు పెట్టే చోటు ఉండదు.

స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే దిగిపోతోందంటే ఆ ముక్కకు మందు దండగ. మార్చేయండి. మంచం కోడు, మిద్దె దూలం లాంటి బరువు మోసే వాటికి ఈ పరీక్ష తప్పదు.

పాలిష్ లేని చెక్క, వెదురు

ఇక్కడ చవకైన మందు బాగా పనిచేస్తుంది. 10 లీటర్ల నీటికి 300 గ్రాముల బోరాక్స్, 200 గ్రాముల బోరిక్ యాసిడ్, గోరువెచ్చటి నీళ్లయితే త్వరగా కరుగుతాయి. వెదురును ముంచి కొన్ని రోజులు ఉంచాలి, మధ్యలో కణుపులకు బెజ్జం వేస్తేనే లోపలికి పోతుంది. చెక్కకైతే తడి తడిగా రెండు మూడు పూతలు. వానలో తడిసే చోట ఇది నిలవదు, కడుక్కుపోతుంది. చేటలకీ బియ్యం జల్లించే జల్లెడలకీ, పసిపిల్లలు నోట్లో పెట్టుకునే వాటికీ వాడొద్దు.

ప్లైవుడ్ కప్‌బోర్డ్

దీని గురించి నా మాట సూటిగా చెబుతాను: పొడి రాలుతున్న బోర్డును బాగుచేయడం మీద డబ్బు పెట్టకండి. పొరల మధ్య జిగురు అడ్డం, పైన సన్‌మైకా అడ్డం, మందు దూరదు. ఆ బోర్డు తీయించి, పక్క బోర్డుల అంచులకు మందు పూయించండి. వాటర్‌ప్రూఫ్ అన్నంత మాత్రాన బోరర్ పట్టదని కాదు. కొనేటప్పుడు పురుగు గ్యారంటీ బిల్లు మీద రాయించుకోండి, అవసరమైనప్పుడు నోటిమాట గ్యారంటీ గుర్తుండేది మీకే.

కొండపల్లి బొమ్మలు, చిన్న సామాన్లు

కొండపల్లి బొమ్మ తెల్లపొణికి చెక్కది. మెత్తగా, తేలికగా ఉంటుంది. అడుగున పొడి కనబడితే ముందు దాన్ని మిగతా బొమ్మల నుంచి వేరు చేయండి. కొత్త, మామూలు బొమ్మయితే పాలిథిన్ కవర్లో గాలి తీసి మూసి, మైనస్ 18 డిగ్రీలుండే డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా కవర్ విప్పొద్దు, విప్పితే బొమ్మ మీద చెమ్మ పట్టి రంగు పాడవుతుంది. తాతల నాటి బొమ్మ, రంగు పెచ్చులు లేస్తున్న బొమ్మ మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకండి, అడుగున రంగు లేని చోట సిరంజితో కొంచెం మందు చాలు. ఏటికొప్పాక బొమ్మల్ని ఎండలో పెట్టొద్దు, పైనున్న లక్క మెత్తబడుతుంది.

ఇవి మాత్రం చేయకండి

కిరసనాయిలు ఆరిపోయాక చెక్కలో ఏమీ మిగలదు, మంట ప్రమాదం తప్ప. అంతకన్నా పెద్ద ప్రమాదం ధాన్యం గిడ్డంగుల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు. అలమరలో ఒకటి పెట్టేస్తే పోతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అది గాలిలోని తేమ తగిలి వదిలే ఫాస్ఫిన్ వాయువు మనుషుల్ని చంపుతుంది. వాటిని వాడే అనుమతి ప్రభుత్వ సంస్థలకీ శిక్షణ పొందిన పెస్ట్ కంట్రోల్ వాళ్లకీ మాత్రమే ఉంటుంది, నిద్రపోయే ఇంట్లో అసలు పెట్టకూడదు.

ప్యాకింగ్ చెక్క ప్యాలెట్లతో బల్లలు, సోఫాలు చేయించుకునే వాళ్లకు ఒక మాట. వాటి మీద హెచ్‌టీ ముద్ర ఉంటే చెక్క లోపలి భాగాన్ని 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడి చేశారని అర్థం. అప్పుడున్న పురుగు చస్తుంది. ఆ తర్వాత వచ్చే దాన్ని ఆ ముద్ర ఆపదు, కాబట్టి బల్ల చేయించాక అడుగున కూడా పూత వేయించండి.