అన్నవాహిక సన్నబడి ముద్ద దిగకపోతే ఏం చేయాలి?

చారన్నం దిగుతుంది కానీ బిర్యానీలో మటన్ ముక్క, జొన్నరొట్టె ఛాతీ మధ్యలో ఆగిపోతున్నాయంటే అన్నవాహిక సన్నబడిందేమోనని అనుమానించాలి. లోపలి దారి 13 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే గట్టి తిండి ఇరుక్కుంటుంది. ఏళ్ల తరబడి ఎసిడిటీ, బాత్రూం యాసిడ్ మింగడం, రేడియేషన్, అలర్జీ వాపు ముఖ్య కారణాలు.

1. ముందు ఎండోస్కోపీ చేయించుకోండి. క్యాన్సర్ కాదని బయాప్సీతో (చిన్న ముక్క తీసి చేసే పరీక్షతో) తేలేదాకా గ్యాస్ మాత్రలతో నెట్టుకురావద్దు. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, నిమ్స్‌లలో గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగాలున్నాయి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా మానకండి.

2. సన్నబడిన చోటును బెలూన్‌తో గానీ, తీగ మీదుగా జారే గొట్టాలతో గానీ వెడల్పు చేస్తారు. గొట్టాలతో చేసేటప్పుడు, బిగువు తగిలాక ఒక విడతలో 3 మిల్లీమీటర్లకు మించి పెంచకపోవడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. తొందరపడితే గోడ చిరుగుతుంది. అందుకే 8 మిల్లీమీటర్ల నుంచి 14 లేదా 15కి చేరాలంటే వారం, రెండు వారాల తేడాతో కొన్ని విడతలు పడతాయి. మొదటిసారికే ఇడ్లీ హాయిగా దిగిందని మానేసేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. మచ్చకట్టిన కండ మళ్లీ ముడుచుకుంటుంది.

ఇంటికొచ్చాక తగ్గని ఛాతీనొప్పి, జ్వరం, ఆయాసం, మెడ ఉబ్బి నొక్కితే కరకరలాడటం... వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

3. ఎసిడిటీయే కారణమైతే పాంటోప్రజోల్ లాంటి మాత్ర టిఫిన్‌కి అరగంట ముందు వేసుకోవాలి. తిన్నాక వేసుకుంటే సరిగా పనిచేయదు. మంట తగ్గిందని ఆపితే సన్నబడటం తిరగబెడుతుంది.

4. మాంసాన్ని వేలిగోరంత ముక్కలు చేసి, నమిలి, మధ్యమధ్య నీళ్లతో తినండి. రాత్రి భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలుండాలి. డాక్సీసైక్లిన్, ఎముకల బలానికిచ్చే అలెండ్రోనేట్ మాత్రలు అన్నవాహికలో ఆగితే పుండు చేస్తాయి, వాటి గురించి డాక్టర్‌ను అడగండి.

5. రెండు వారాలకోసారి చొప్పున ఐదు విడతలు చేసినా 14 మిల్లీమీటర్లకు చేరకపోతే మచ్చలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్, తాత్కాలిక స్టెంట్ (దారి తెరిచి ఉంచే గొట్టం) లాంటి దారులున్నాయి.

ముద్ద ఇరుక్కుని ఉమ్మి కూడా మింగలేకపోతే అరటిపండుతోనో, కూల్‌డ్రింక్‌తోనో తోయాలని చూడొద్దు. అర్ధరాత్రయినా సరే, ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.