జలాశయం కంప్యూటర్ మోడల్ రన్ చేసే ముందు జాగ్రత్తలు

□ లోతు కొలతలు కొత్తవేనా? పూడిక చేరాక పాత మ్యాపు పనికిరాదు.

□ సాంద్రత లెక్కలో ఉష్ణోగ్రతతో పాటు ఉప్పు కూడా ఉందా? దీన్ని మాత్రం రెండుసార్లు చూసుకోండి. 25 డిగ్రీల దగ్గర లీటరుకు ఒక గ్రాము ఉప్పు పెరిగితే, నీరు సుమారు 3 డిగ్రీలు చల్లబడినంత బరువెక్కుతుంది. అందుకే ఉప్పగా వచ్చే వాగు నీరు పైన కలవకుండా, అడుగునే పాకుతూ తాగునీటి తూము దాకా చేరగలదు. మోడల్‌లో నీటిని పైనుంచి కిందికి విడదీసే పొరలు మందంగా పెడితే అది కనబడనే కనబడదు.

□ విద్యుత్ వాహకత (నీటిలో ఉప్పును అంచనా వేసే కొలత) రీడింగులన్నీ 25 డిగ్రీలకు సరిచేశారా? డిగ్రీకి దాదాపు 2 శాతం తేడా వస్తుంది.

□ గాలి వేగం ఏ ఎత్తులో కొలిచింది?

□ ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. నీటి రాకపోకలన్నీ మూసి ఒక రన్ వేయండి. మొత్తం ఉప్పు మారిందంటే లెక్కలో ఎక్కడో తప్పుంది. అది దొరికేదాకా ముందుకెళ్లొద్దు.