ఆఫ్రికా దక్షిణాన సైకిలు యాత్ర, పాఠం 6: నాటా నుంచి గ్వెటాకు ఒక రోజు

ఈసారి ఎదురుగాలి గురించి రాస్తానన్నాను. అది వచ్చే పాఠానికి వాయిదా. పోయిన పాఠంలో పంక్చరైన ట్యూబుకు ప్యాచ్ వేయడం నేర్చుకున్నాక వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకే ఫిర్యాదు: "మీరు చెప్పినట్టే వేశాను, అరగంటకే గాలి పోయింది, ప్యాచ్ నిలవలేదు."

ఆ ట్యూబును మళ్లీ బయటికి తీయండి. ప్యాచ్ అంచు ఎక్కడా లేవకపోతే మీ పనిలో దోషం లేదు. దాని పక్కనే వెతకండి, కొత్త రంధ్రం కనిపిస్తుంది. ముల్లు టైరులోనే ఉండిపోయింది.

బోట్స్వానాలో నాటా నుంచి గ్వెటాకు సుమారు 100 కిలోమీటర్లు. తారు రోడ్డు, బల్లపరుపు నేల, మనలాగే ఎడమవైపు ప్రయాణం. జూన్, జూలై నెలల్లో అక్కడ చలికాలం, పగలు 11 గంటలే. చీకటిపడ్డాక తొక్కడం కుదరదు: రోడ్డు మీద గాడిదలుంటాయి, ఏనుగులుంటాయి. సామానుతో గంటకు 15 కిలోమీటర్లు వేసుకున్నా దాదాపు ఏడు గంటలు తొక్కుడుకే పోతాయి. మిగిలిన నాలుగు గంటల్లోనే తిండి, నీడపట్టున విశ్రాంతి, రోడ్డు దాటే ఏనుగుల కోసం దూరంగా ఆగి ఎదురుచూడటం. ఒకే ముల్లుకు మూడుసార్లు చక్రం విప్పారంటే ఆ నాలుగు గంటలూ కరిగిపోతాయి.

ఆ ముల్లు మనకు కొత్తది కాదు, పల్లేరు. మన చేలగట్ల మీద కాళ్లలో గుచ్చుకునే జాతే అక్కడి రోడ్ల అంచుల్లోనూ పాకుతుంది. కాయ ఎండితే ముక్కలుగా విడిపోతుంది, ఏ ముక్క ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. అందుకే మోపానే చెట్టు నీడకు వెళ్లేటప్పుడు సైకిలును నడిపించుకుంటూ రోడ్డు దిగకండి. సామాను విప్పి అయినా సరే, ఎత్తుకుని వెళ్లండి.

చక్రం విప్పడం, టైరు ఊడదీయడం మీకు వచ్చు, అక్కడ ఆగను. ఇకపై మాత్రం ఒక్కొక్క మాటా నిదానంగా చదవండి.

టైరు పైన పల్లేరు కాయ కనిపించగానే గోళ్లతో పీకేస్తారు. కాయ చేతికొస్తుంది, మొన రబ్బరులోనే విరిగిపోతుంది. లోపల వేలు పెట్టి రుద్దితే ఏమీ తగలదు, ఎందుకంటే చక్రం మీద బరువు లేనప్పుడు ఆ మొన రబ్బరు మందంలో దాగి ఉంటుంది. మీరెక్కి కూర్చోగానే టైరు అణుగుతుంది, మొన లోపలికి పొడుచుకొస్తుంది. ప్యాచ్ పక్కన కొత్త రంధ్రం పడేది ఇలాగే.

కాబట్టి జిగురు మూత తీయకముందే ముల్లు దొరకాలి. టైరు బిగించేటప్పుడే దాని మీది కంపెనీ పేరు సరిగ్గా వాల్వు దగ్గరికి వచ్చేలా పెట్టుకోండి. పంక్చరైనప్పుడు ట్యూబుకు గాలి కొట్టి రంధ్రం వెతకండి. మన సైకిలు షాపుల్లో నీళ్ల తొట్టి ఉంటుంది, ఇక్కడ తాగే నీళ్లు అందుకు ఖర్చుచేయలేం. ట్యూబును పై పెదవికి దగ్గరగా తిప్పండి, సన్నని గాలి కూడా తెలిసిపోతుంది. వాల్వు నుంచి రంధ్రం ఎన్ని జానల దూరంలో ఉందో, టైరు మీద పేరు నుంచి అంతే దూరంలో ముల్లుంటుంది. ట్యూబు ఎటు తిరిగి ఉండేదో గుర్తులేకపోతే పేరుకు రెండువైపులా చూడండి. ఆ చోట రెండు బొటనవేళ్లతో టైరును లోపలి వైపు బయటికొచ్చేలా వంచితే రబ్బరు సాగి మొన తల ఎత్తుతుంది. అప్పుడు నూలుగుడ్డను రెండు దిక్కులా నెమ్మదిగా లాగండి. పోగు తట్టుకున్నచోట సూదితో లోపలి నుంచి బయటికి నెట్టండి. ఒకటి దొరికిందని ఆపకండి. పల్లేరు గుంపుగా గుచ్చుకుంటుంది, టైరంతా గుడ్డతో తుడవాలి.

రంధ్రం రిమ్ము వైపు ఉంటే ముల్లు కోసం వెతకవద్దు, స్పోకు మొనల మీది పట్టీ జరిగిందేమో చూడండి. పక్కపక్కన రెండు రంధ్రాలుంటే గాలి తక్కువై ట్యూబు రిమ్ముకు నొక్కుకుపోయిందని అర్థం.

నేను రోడ్డు పక్కన ప్యాచ్ వేయను. ముల్లు తీసి, కొత్త ట్యూబు ఎక్కించి, పాతదాన్ని సాయంత్రం గ్వెటాలో అతికిస్తాను. జిగురుకు తొందర పనికిరాదు, మెరుపు పోయేదాకా ఆరాలి. ముందే జిగురు పూసి అమ్మే ప్యాచ్‌లను నేను కొనను. ఎండకు కాగిన టైరులో వాటి అంచులు లేస్తాయి.

సాధన: ఇంట్లో ఎవరినైనా మీ పాత టైరులో మూడు ముళ్లు గుచ్చి, పైన విరిచేయమనండి. ఎక్కడో చెప్పకూడదు. కళ్లు మూసుకుని, గుడ్డతో, బొటనవేళ్లతో మూడూ బయటికి తీయండి. తర్వాత క్యారియర్ మీద 20 కిలోల బియ్యం బస్తా కట్టి 20 కిలోమీటర్లు తొక్కండి. మధ్యలో గాలి పోతే మళ్లీ మొదటి నుంచి చేయాలి. బస్తా లేకుండా తొక్కితే లెక్కలోకి రాదు.