లాభం పెరిగినా ఈపీఎస్ తగ్గిందా? వారెంట్లు చూశారా?

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర టీ తాగుతుంటే ఎవరో ఒకరు ఫోన్ నా ముందుకు తోస్తారు. "అన్నా, లాభం 5 కోట్ల నుంచి 6 కోట్లయింది. ఈపీఎస్ మాత్రం 5 రూపాయల నుంచి 4.29కి పడింది. లెక్క తప్పు రాశారా?"

తప్పు కాదు. ఈపీఎస్ అంటే లాభాన్ని షేర్లన్నిటికీ పంచితే ఒక్కో షేరుకు వచ్చేది. కోటి షేర్లు కోటీ 40 లక్షలయ్యాయి. అదే బోరు, నీళ్లు కాస్త పెరిగాయి, కానీ పారించుకునే మళ్లు అంతకంటే ఎక్కువయ్యాయి.

బోనస్, స్ప్లిట్ అయితే మీ ఖాతాలోనూ షేర్లు పెరుగుతాయి, వదిలేయండి. రైట్స్ (పాత వాటాదార్లకే కొత్త షేర్లు అమ్మడం) అయితే మీకూ పిలుపు వస్తుంది. ఇవేవీ కాకపోతే షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్, అంటే ఎవరి దగ్గర ఎన్ని షేర్లున్నాయో చెప్పే పట్టిక తెరవండి. మూడు నెలలకోసారి ఎక్స్ఛేంజ్ సైట్లో ఊరికే దొరుకుతుంది. అయినా ఎవరూ తెరవరు! వారెంట్లు (ముందే ఖాయం చేసిన ధరకు తర్వాత షేర్లు తీసుకునే హక్కులు), కన్వర్టిబుల్స్ (షేర్లుగా మారే బాండ్ల లాంటివి) షేర్లుగా మారితే ఎన్ని వస్తాయో, అప్పుడు ఎవరి వాటా ఎంతో అందులోనే ఉంటుంది.

అసలు దొంగ ప్రమోటర్ల (కంపెనీని నడిపే యజమానుల) వారెంట్లే. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం ముందు 25 శాతం కడితే చాలు, మిగతా 75 శాతానికి 18 నెలల గడువుంటుంది. ధర పెరిగితే కట్టి షేర్లు తీసుకుంటారు. పడిపోతే ఆ 25 శాతం వదులుకుని పక్కకు జరుగుతారు. ఆ వెసులుబాటు మనకు లేదు.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. "డైల్యూటెడ్ ఈపీఎస్ చూశాను కదా" అని ధీమాగా కూర్చున్నా. రాబోయే షేర్లనూ కలిపి వేసే ఈపీఎస్ అది, కానీ వారెంట్లన్నీ లెక్కలోకి తీసుకోదని అప్పుడు తెలియదు. 100 రూపాయల వారెంట్లు 40 లక్షలు, 25 కట్టారు, ఇంకా 75 రావాలి. అంటే 30 కోట్లు. ఆ డబ్బుతో మార్కెట్ సగటు ధర 125కి 24 లక్షల షేర్లు కొన్నట్టు ఊహించి తీసేస్తారు. మిగిలిన 16 లక్షలే కలుపుతారు. నిజంగా మార్చుకున్న రోజు వచ్చేవి మాత్రం 40 లక్షలు. పైగా ఫిబ్రవరిలో మారితే, మార్చితో ముగిసే ఆ ఆర్థిక ఏడాది బేసిక్ ఈపీఎస్‌లో (ఉన్న షేర్లతోనే వేసేది) రెండు నెలల భారమే పడుతుంది, అసలు దెబ్బ మరుసటి ఏడాది. నా టెన్షన్ కూడా అప్పుడే మొదలైంది.

అందుకే లాభాన్ని వారెంట్లన్నీ కలిపిన మొత్తం షేర్లతో మీరే భాగించండి. వారెంట్లతో వచ్చే డబ్బుతో ఏం చేస్తారో వాటాదార్లకు పంపే నోటీసులో చదవండి. మంచి ప్లాంటు పెడితే ఈపీఎస్ కోలుకోవచ్చు, "సాధారణ అవసరాలు" అని రాస్తే నేను దూరంగా ఉంటా.

సీసీడీలు (తప్పనిసరిగా షేర్లుగా మారే డిబెంచర్లు) ఎలాగూ మారేవే, మొత్తం కలిపేయండి. ఈసాప్‌లు (ఉద్యోగులకిచ్చే షేర్ ఆప్షన్లు) ఎక్కువసార్లు చిల్లర. ఎఫ్‌సీసీబీలు (షేర్లుగా మారగల విదేశీ కరెన్సీ బాండ్లు) మనం కొనే చిన్న కంపెనీల్లో అరుదు.

వారెంట్లు ఇవ్వాలంటే స్పెషల్ రిజల్యూషన్ గెలవాలి, వ్యతిరేక ఓట్లకు కనీసం మూడింతలు అనుకూలంగా పడాలి. ఆ ఈ-ఓటింగ్ మెయిల్ మీకూ వస్తుంది. టీ కొట్టులో ఫోన్ చూపించిన వాళ్లలో చాలామంది ఇన్‌బాక్స్‌లో అది తెరవకుండానే ఉంది.