టైరు ధర కాదు, అది ఎంత దూరం నడుస్తుందో చూడండి

రోజూ చాలా దూరం కారులో వెళ్లొచ్చేవాళ్లకు టైర్లు మార్చడమంటే పెద్ద టెన్షన్. చవకవి త్వరగా అరిగిపోతాయి, ఖరీదైనవి కొనడానికి చేయి రాదు.

ఇప్పుడు నేను చేసేది ఇది. చాలా టైర్ల పక్క గోడ మీద ‘ట్రెడ్‌వేర్’ అని ఒక అంకె ఉంటుంది, 300, 400, 500 ఇలా. ఎక్కువ ఉంటే నిదానంగా అరుగుతుందని అర్థం. టైరు ధరను ఆ అంకెతో భాగిస్తాను. తక్కువ వచ్చినదే నిజంగా చవక. అయితే ఒకే కంపెనీ టైర్ల మధ్యే ఈ లెక్కను నమ్మాలి, ఎందుకంటే ఆ అంకె ఎవరిది వాళ్లే వేసుకుంటారు.

తర్వాత చూసేది, టైరు పక్క గోడ మీదే DOT అని మొదలయ్యే ‘డాట్’ కోడ్ చివరి 4 అంకెలు. 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైంది. డిస్కౌంట్ ఇస్తున్నారంటే ముందు ఇదే చూడండి, పాత సరుకు కావచ్చు. సైజు, లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) మాత్రం కారుకు చెప్పినవే ఉండాలి.

మైలేజీ కోసం తక్కువ రోలింగ్ రెసిస్టెన్స్ ఉన్నవి, అంటే తేలిగ్గా దొర్లేవి అడగండి. ఎంత మంచి టైరైనా గాలి తగ్గితే ఇంధనం తాగుతుంది. నెలకోసారి, బండి తీయకముందే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ ప్రకారం గాలి సరిచూడాలి.

వానలో ఎక్కువగా తిరిగేవాళ్లు మాత్రం అరుగుదల, మైలేజీ మాత్రమే చూసి కొనకండి. అలాంటి కొన్ని టైర్లకు తడి రోడ్డు మీద పట్టు తక్కువ. తడి పట్టు గ్రేడు బాగున్నదే తీసుకోండి, ధర కొంచెం ఎక్కువైనా సరే.