పాత మ్యాపు పరిస్తే హనుమకొండ జరిగిపోతోందా?

సమస్య: ఆన్‌లైన్‌లో దొరికిన పందొమ్మిదో శతాబ్దపు సర్వే ఆఫ్ ఇండియా షీటును గూగుల్ ఎర్త్ ప్రోలో ఓవర్‌లేగా, అంటే ఇప్పటి నేల బొమ్మ మీద పొరలా పరిచారు. హద్దుల అంకెలు షీటు మీద ఉన్నట్టే కొట్టారు. అయినా హనుమకొండ వెళ్లి వరంగల్ వైపు కూర్చుంది. పిల్లలేమో "సార్, ఊరు నడిచిందా?" అంటారు.

ముందు ఒకటి చూసుకోండి. మీ దగ్గరున్నది పూర్తి షీటా, అంచులు కత్తిరించి వాట్సాప్‌లో తిరిగిన బొమ్మా? ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అసలు జవాబు ఆ కత్తిరించేసిన అంచులోనే చిన్న అక్షరాల్లో ఉంటుంది.

కారణం: అప్పటి సర్వేలో మన రేఖాంశాలన్నీ మద్రాసు అబ్జర్వేటరీ నుంచి లెక్కగట్టినవి. దాని స్థానాన్ని 80 డిగ్రీల 17 నిమిషాల 21 సెకన్లుగా తీసుకున్నారు. నిజానికి అది అంతకంటే కాస్త పడమరన ఉంది. తేడా రెండున్నర నిమిషాల దాకా ఉంటుంది. మన అక్షాంశం దగ్గర అంటే నాలుగు కిలోమీటర్ల పైమాటే. లెక్క మొదలుపెట్టిన చోటే పొరపాటు కాబట్టి షీటులో ఉన్న ప్రతి చెరువూ, ప్రతి గుట్టా అంతే దూరం తూర్పుకు జరుగుతాయి.

నేనూ దీనికి బలైనవాణ్నే. ఓ ఏడాది ఖిలా వరంగల్ పాఠానికి మ్యాపు సిద్ధం చేస్తూ స్కాన్ వంకర అనుకుని రెండు రాత్రులు దాన్ని సాగదీశాను, తిప్పాను. కోట సరిపోతే పాకాల చెరువు తప్పేది. చివరికి పూర్తి షీటు తెచ్చి చూస్తే, అంచులో రేఖాంశం దిద్దుకోమని స్పష్టంగా రాసి ఉంది.

గుర్తుపట్టడం తేలికే. కోట మట్టిగోడ, భద్రకాళి చెరువు కట్ట, పద్మాక్షి గుట్ట లాంటి కదలని గుర్తులు మూడు తీసుకోండి. మూడూ ఒకే దిక్కుకి, ఒకే దూరం జరిగి ఉంటే ఇదే రోగం. ఒక్కోటి ఒక్కో దిక్కుకి పోతే స్కాన్ వంకర.

పరిష్కారం: ఓవర్‌లే ప్రాపర్టీస్‌లో లొకేషన్ తెరిచి తూర్పు, పడమర అంకెల రెండింటి నుంచీ అంచులో చెప్పినంత తగ్గించండి. చాలా షీట్లలో అది 2 నిమిషాల 27 సెకన్లు, దశాంశాల్లో 0.041 డిగ్రీలు. ఉత్తరం, దక్షిణం ముట్టుకోవద్దు. తర్వాత కట్ట మీదికి జూమ్ చేసి చూసుకోండి.

పాత మ్యాపుల కోసం ఆన్‌లైన్‌లో వెతికితే కరీంనగర్ రావడం లేదా? 1905కి ముందు ఆ జిల్లా ఎలగందుల, నిజామాబాద్ అయితే ఇందూరు. ఆ పేర్లు కొట్టండి, ఇంగ్లిష్ స్పెల్లింగులు రెండు మూడు మార్చి చూడండి. మ్యాపుతో పాటు చూపించే పాత ఫొటోలో కుడి ఎడమలు తారుమారయ్యాయని అనుమానమైతే అందులో శాసనమో, బోర్డో ఉందేమో చూడండి. అక్షరాలు అద్దంలోలా ఉంటే తిప్పేయండి. ఇది అరుదు, దీనికి అంత టెన్షన్ అక్కర్లేదు.