తొలి మంచుకు ముందే: పికప్ ట్రక్కుకు ముందు హిచ్, వించ్ బిగించేవారికి జాగ్రత్తలు

అక్టోబరు సగం గడిచేసరికి అమెరికాలోని మిషిగన్‌లో పికప్ ట్రక్కు ఉన్న మనవాళ్ల మాటలన్నీ వించ్ మీదికి, అంటే మోటారుతో తాడును డ్రమ్ముకు చుట్టుకుంటూ దిగబడిన బండిని లాగే యంత్రం మీదికి మళ్లుతాయి. నవంబరు 15న తుపాకులతో జింకల వేట మొదలవుతుంది. వేట అలవాటు లేనివాళ్లు కూడా కెమెరాలు పట్టుకుని మాకినాక్ వంతెన దాటి ఎగువ ద్వీపకల్పానికి బయలుదేరతారు. అక్కడి కివినా ప్రాంతంలో ఏడాదికి 200 అంగుళాలకు మించి మంచు పడటం వింతేమీ కాదు. 1978–79 శీతాకాలంలో 390.4 అంగుళాలు పడిందని చూపే ఎత్తయిన కొలబద్ద ఒకటి 41వ నంబరు రహదారి పక్కన నిలబెట్టి ఉంది. ఆ దారిన వెళ్లినవాళ్లు దాని కింద ఫొటో దిగకుండా రారు. ఫొటో దిగి, పక్కనున్న అడవి బాటలోకి తిరిగి, ఫర్లాంగు దూరంలోనే దిగబడినవాళ్లూ ఉన్నారు. చలికాలంలో మంచు తొలగించబోమని బోర్డు పెట్టిన బాటలవి. సాయానికి ఎవరినైనా పిలుద్దామన్నా చాలాచోట్ల ఫోనుకు సిగ్నల్ అందదు.

అందుకే వించ్. బంపరు మార్చే పని లేకుండా, ట్రక్కు ముందుభాగంలో ఛాసిస్‌కు, అంటే బండి ఇనుప చట్రానికి, ఒక రిసీవర్ హిచ్ (చదరపు నోరున్న ఇనుప గొట్టం) బిగించి, కావలసినప్పుడు అందులో వించ్‌ను దూర్చి పిన్ను వేసుకోవడం చాలామందికి నచ్చే పద్ధతి. నాకూ అదే నచ్చింది. తక్కువ ధరకు దొరికిందని ఒక హిచ్, దానితోపాటు 9,500 పౌండ్ల వించ్ కొన్నాను. రెండూ బిగించాను. చివరి బోల్టు చూద్దామని గ్యారేజిలో వెల్లకిలా పడుకుంటే, టార్చి వెలుగులో హిచ్ అడుగున అంటించిన చిన్న స్టిక్కరు కంటపడింది: తిన్నగా లాగితే 5,000 పౌండ్లు. అంటే హిచ్‌నే పీకేయగల వించ్‌ను చేతులారా బిగించానన్నమాట. మర్నాడే ఆ హిచ్ విప్పేశాను.

ముందు అంకెలు, తర్వాతే పానాలు

వించ్ కొనేటప్పుడు అందరూ చూసేది డబ్బా మీది పెద్ద అంకె. చూడవలసింది వరుస మొత్తంలో అన్నిటికన్నా చిన్న అంకె. ఛాసిస్ బోల్టులు, హిచ్, పిన్ను, వించ్‌ను మోసే పలక, తాడు, కొక్కెం, షాకిల్ (తాడునూ పట్టీనీ కలిపే ఇనుప కడియం), చెట్టుకు చుట్టే పట్టీ వరుసగా లాగుడును మోస్తాయి. వీటిలో ఏది బలహీనమైతే మీ వించ్ బలం అంతే. ఒక కాగితం మీద అన్నిటి అంకెలూ రాసుకోండి. అంకె ముద్రించి లేని షాకిల్‌ను వాడనే వాడకండి.

వించ్ ఎంతది కావాలన్నదానికి వాడుకలో ఉన్న లెక్క ఒకటుంది. డ్రైవరు తలుపు అంచున ఉండే స్టిక్కరు మీది గరిష్ఠ అనుమతి బరువును ఒకటిన్నరతో హెచ్చవేయాలి. 7,000 పౌండ్ల ట్రక్కుకు 10,500 వస్తుంది. కానీ రెండు అంగుళాల ముందు హిచ్‌లలో గట్టివని పేరున్నవే 9,000 పౌండ్ల దగ్గర ఆగిపోతుంటాయి. కాబట్టి వించ్ పెద్దది కొన్నా, హిచ్ హద్దు దాటకుండా లాగడం మీ చేతిలో పని.

దానికి దారి మన ఊరి బావి గిలకలోనే ఉంది. తాడును చెట్టుకు కట్టిన గిలకలోంచి తిప్పి మళ్లీ ట్రక్కు దగ్గరికే తెస్తే లాగే బలం దాదాపు రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది. వెనక్కి తెచ్చిన కొసను హిచ్‌కు కాకుండా, ఛాసిస్‌కు ఉన్న ముందు కొక్కేనికి తగిలించండి. అప్పుడు భారంలో సగమే హిచ్ మీద పడుతుంది, తక్కిన సగం కొక్కెం మోస్తుంది. అయితే ఆ రెండు సగాలూ కలిసి చెట్టు పట్టీ మీద పడతాయని మరవకండి. కొన్ని ట్రక్కులకు ముందు హిచ్ బిగించాలంటే ఈ కొక్కేలనే విప్పేయాలి. హిచ్ కొనకముందే అమరిక కాగితం చదివి ఈ సంగతి తేల్చుకోండి.

ఇంకొక మాట. వించ్ మీద రాసిన బలం డ్రమ్ము మీద తాడు ఒక్క పొర మాత్రమే ఉన్నప్పటిది. పొరలు పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది. నాలుగో పొర మీద లాగుతున్నారంటే దాదాపు మూడో వంతు పోయినట్లే. దగ్గరి చెట్టు కన్నా దూరపు చెట్టు మేలు.

మరి దిగబడిన బండి ఎంత బరువు తూగుతుంది? అమెరికా సైన్యం బురద విషయంలో వాడే అంచనా ఇది: చక్రాల లోతు వరకు దిగితే బండి బరువంత, మడ్‌గార్డుల వరకు దిగితే రెండింతలు. అంటే 6,000 పౌండ్ల ట్రక్కు 12,000 పౌండ్ల మొండితనం చూపిస్తుంది. పార పట్టి చక్రాల ముందు తవ్వడం నామోషీ అనుకోకండి. పావుగంట తవ్వితే వేల పౌండ్లు తగ్గుతాయి.

బిగించేటప్పుడు

చదునైన సిమెంటు నేల మీద, వెనక చక్రాలకు దిమ్మలు పెట్టి, జాకీ స్టాండ్ల మీదే పని చేయండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి ట్రక్కు కిందికి దూరవద్దు. హిచ్ బరువైన ఇనుము. దాన్ని పడుకుని ఒంటిచేత్తో పైకెత్తి, మరో చేత్తో బోల్టు వెతకడం ఒకసారి చేసి చూశాను. ముక్కు మీద మచ్చ ఇంకా పోలేదు. ఇద్దరుండాలి, లేదా చక్రాల జాకీతో పైకి లేపి నిలపాలి.

బోల్టుల విషయంలో పిసినారితనం పనికిరాదు. కిట్‌తో వచ్చినవే వాడండి. ఒకటి పోతే తల చూసి అదే గ్రేడుది తెచ్చుకోండి. తల మీద ఆరు గీతలుంటే గ్రేడ్ 8, మూడు గీతలుంటే గ్రేడ్ 5. ఏ గీతా లేకుండా తళతళలాడే బోల్టు కంచె తలుపుకు పనికొస్తుంది. టార్క్ రెంచ్‌తో (ఎంత బలంగా బిగించామో చూపే పానా), కాగితంలో ఇచ్చిన అంకెకే బిగించండి. వంద మైళ్లు తిరిగాక మళ్లీ చూస్తే ఒకటో రెండో పావు చుట్టు తిరుగుతాయి. కాగితంలో చెప్పని చోట ఛాసిస్‌కు కన్నం పెట్టడం, వెల్డింగ్ చేయించడం వద్దు.

కొత్త ట్రక్కుల ముందు భాగమంతా కళ్లూ చెవులే. పార్కింగ్ సెన్సర్లు, ముందు బండిని బట్టి వేగం తగ్గించే రాడారు, కెమెరా, లోపల ఎయిర్ బ్యాగుల సెన్సర్లు ఉంటాయి. వించ్ పెట్టాక డ్యాష్ బోర్డు మీద హెచ్చరికలు వెలుగుతున్నాయేమో చూసుకోండి. వించ్, పలక కలిపి వంద పౌండ్లు దాటే బరువు ముందు ఇరుసు మీద పడుతుంది కాబట్టి హెడ్‌లైట్లు కొంచెం కిందికి దిగుతాయి, వాటినీ సరిచేయించండి. రేడియేటరుకు గాలి తగ్గుతుంది. చలిలో పరవాలేదు గానీ వేసవిలో బరువు లాగితే ఇంజను వేడెక్కుతుంది. మిషిగన్‌లో ముందు నంబరు ప్లేటు అక్కర్లేదు. విస్కాన్సిన్, మినసోటా వెళ్లి చూస్తే అక్కడి బండ్లకు ఉంటుంది. ఆ రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు వించ్ వెనక ప్లేటు దాగిపోకుండా చూసుకోవాలి.

ఇలాంటి ట్రక్కుల ఫొటోలు చూసి మన ఊళ్లో బండికీ ముందు ఇనుము బిగిస్తామనే తమ్ముళ్లు ఉంటారు. భారతదేశంలో బండి ముందు బుల్ బార్లు (బంపరుకు అడ్డంగా పెట్టే ఇనుప కమ్మీలు) బిగించినవారిపై మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఆ మోజు ఇక్కడే వదిలేయండి.

కరెంటు

పూర్తి బరువు మీద ఉన్న వించ్ 400 ఆంపియర్లకు పైగా పీల్చుతుంది. ఇంజను నడుస్తున్నా దానితో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు అంత ఇవ్వలేదు, తక్కినది బ్యాటరీ నుంచే రావాలి. ఆ బ్యాటరీయేమో సున్నా ఫారెన్‌హీట్ దగ్గర, అంటే మన లెక్కలో మైనస్ 18 డిగ్రీల వద్ద, సగం బలంతోనే ఉంటుంది. పాతబడిన బ్యాటరీని డిసెంబరు కన్నా ముందే మార్చండి. ఇంజను ఆపి వించ్ నడపవద్దు. ఒక నిమిషం లాగితే మోటారు చల్లారేదాకా ఆగండి. చేయి పెడితే కాలేంత వేడెక్కిందంటే ఇప్పటికే ఆలస్యం చేశారు.

పని మొదలుపెట్టేటప్పుడు బ్యాటరీ నెగెటివ్ తీగ ముందు విప్పాలి, చివర బిగించాలి. తీసి పెట్టుకునే వించ్‌కు బంపరు దాకా తీగలు వేసి అక్కడొక కనెక్టరు పెడతాం. వించ్ లేనప్పుడు కూడా ఆ కొసలో బ్యాటరీ కరెంటు సిద్ధంగా ఉంటుంది. రోడ్డు ఉప్పు నీళ్లు చిమ్మే చోట అది మూత లేకుండా ఉండకూడదు. బ్యాటరీ పక్కనే పెద్ద స్విచ్ ఒకటి పెట్టి, వాడనప్పుడు ఆపేయండి. తీగ ఇంజను వేడిమికి, కదిలే బెల్టుకు, పదునైన రేకు అంచుకు తగలకుండా గొట్టం తొడగాలి. నిప్పు పుట్టేది ఎక్కువగా ఆ రాపిడి దగ్గరే.

లాగేటప్పుడు

కిందటి ఏడాది ఊరి బయటి ఖాళీ స్థలంలో కొత్త తాడును బిగువుగా చుట్టుకుంటున్నాం. నా బావమరిది ఫోనులో వీడియో తీస్తూ, బిగిసి ఉన్న తాడును ముగ్గు దాటినట్లు కాలెత్తి దాటబోయాడు. “ఆగు బాబూ!” అని అరిచిన అరుపుకు నా గొంతే పోయింది. “ఇంత నెమ్మదిగా కదులుతోంది కదా బావగారూ” అన్నాడు. తాడు నెమ్మదిగా కదులుతుంది, తెగినప్పుడు మాత్రం కళ్లు దాన్ని పట్టుకోలేవు. తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో ఎవరూ లేకుండా చూశాకే రిమోట్ ముట్టుకోండి. తాడు నడిమధ్య బరువైన కోటో కంబళో వేస్తే, తెగినా కొస ఎగరకుండా కిందికి పడుతుంది.

ట్రెయిలరు తగిలించే బంతికి ఎన్నడూ పట్టీ తగిలించవద్దు. అది విరిగితే ఫిరంగి గుండే. అలా ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి.

ఉక్కు తాడు చవక, రాపిడికి ఓర్చుకుంటుంది. కానీ తెగిన పోగులు సూదుల్లా లేచి తోలు తొడుగుల్లోంచి కూడా గుచ్చుకుంటాయి, పైగా తెగితే ఎక్కువ దూరం కొడుతుంది. నేను సింథటిక్ తాడుకే ఓటేస్తాను. దానికి ఎండ, ఇసుక, పదునైన అంచులు పడవు. తడిస్తే గడ్డకట్టి కర్రలా బిగుసుకుంటుంది. ఇంటికొచ్చాక కడిగి ఆరబెట్టే ఓపిక ఉంటేనే కొనండి. డ్రమ్ము మీద ఉక్కు తాడైతే కనీసం అయిదు చుట్లు, సింథటిక్ అయితే పది చుట్లు మిగల్చండి. చివరి ముడి బరువు మోయడానికి పెట్టింది కాదు.

హిచ్ గొట్టం తిన్నగా లాగడానికే చేసినది. పక్కకు లాగితే గొట్టం మెలితిరుగుతుంది, తాడు డ్రమ్ములో ఒక పక్కకే గుట్టపడుతుంది. సరైన చెట్టు ఎదురుగా లేకపోతే గిలకతో దిశ మార్చుకోండి. చెట్టుకు వెడల్పయిన పట్టీ చుట్టాలి. తాడును చెట్టుకు చుట్టి దాని కొక్కెం దానికే తగిలిస్తే చెట్టూ చెడుతుంది, తాడూ చెడుతుంది. తాడు వెనక్కి చుట్టేటప్పుడు చేతిలో ఉండాల్సింది తాడు కాదు, కొక్కేనికి కట్టిన చిన్న పట్టీ. కొక్కెం మూడడుగుల దూరానికి రాగానే ఆగి, ఆపై బటన్ను నొక్కి వదులుతూ చుట్టండి. వేళ్లు పోయేది అక్కడే.

ఇంటికి చేరాక వించ్‌ను తీసి గ్యారేజిలో పెట్టండి. బంపరు ముందుకు పొడుచుకొచ్చిన ఇనుముతో ఊళ్లో తిరగడం నడిచేవాళ్లకు ప్రమాదం, దొంగలకు పిలుపు. రెండు అంగుళాల హిచ్‌కు పడే 5/8 అంగుళం పిన్నుకు గ్రీజు రాసి, గొట్టం నోటికి రబ్బరు మూత పెట్టండి. ఆ మూత కొనడం మరిచిపోయిన ఏడాది నేను జనవరిలో గొట్టంలో బిగిసిన మంచును వేడినీళ్లతో, సుత్తితో అరగంట వదిలించాను. పక్కింటాయన కిటికీలోంచి చూస్తూ కాఫీ తాగాడు.